గన్నవరం నుంచి విశాఖకు ఎంత దూరం, ఎంతసేపు?

మొన్న సాయంత్రం మా ఎదురింటి కుర్రాడు ఫోను పట్టుకుని వచ్చాడు. వాళ్లమ్మను విశాఖపట్నంలో అక్క దగ్గర దింపి రావాలి. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, రైల్లో ఆరు గంటలు కూర్చోలేనంటోంది. "బాబాయ్, గన్నవరం నుంచి వైజాగ్‌కు ఫ్లైట్‌లో ఎంతసేపు? ఒకచోట 22 నిమిషాలంటున్నారు, ఇంకోచోట 52 అంటున్నారు, టికెట్ దగ్గర చూస్తే గంటా ఐదు నిమిషాలుంది. ఇందులో ఏది నిజం?" అని అడిగాడు.

మూడూ నిజమే. కాకపోతే అవి మూడు వేరువేరు ప్రశ్నలకు జవాబులు. వాళ్లమ్మ మోకాళ్లకు సంబంధించిన అసలు ప్రశ్న నాలుగోది. దాని జవాబు ఆ ఫోన్లో ఎక్కడా లేదు. ఆ రోజు అతనికి కాగితం మీద వేసి చూపించిన లెక్కే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ఈ రెండు ఊళ్ల మధ్య తిరిగేవాళ్లు చాలామంది. పైగా ఈ లెక్క ఒకసారి అర్థమైతే ఏ రెండు విమానాశ్రయాలకైనా పనికొస్తుంది.

ముందు దూరం సంగతి. గన్నవరంలో ఉన్నది విజయవాడ విమానాశ్రయం. విజయవాడ నుంచి విశాఖకు రైలు దారి 350 కిలోమీటర్లు. జాతీయ రహదారి మీదా ఇంచుమించు అంతే. కోస్తాలో ఎవరిని లేపి అడిగినా ఈ అంకె చెబుతారు. విమానాశ్రయాల మధ్య దూరం వెతికితే మాత్రం 290 అని వస్తుంది. మిగతా 60 కిలోమీటర్లు ఏమైనట్టు?

ఈ 290 ఎలా వచ్చిందో పదో తరగతి లెక్కలతో మనమే చూడొచ్చు. గన్నవరం విమానాశ్రయం 16.530 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.797 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. విశాఖ విమానాశ్రయం 17.721, 83.224. అంటే ఉత్తరానికి 1.191 డిగ్రీలు, తూర్పుకు 2.427 డిగ్రీలు తేడా. అక్షాంశాల మధ్య ఎడం ఎక్కడైనా దాదాపు ఒకటే, డిగ్రీకి 111 కిలోమీటర్లు. రేఖాంశాలు అలా కాదు. భూమధ్యరేఖ దగ్గర దూరదూరంగా ఉండి, ధ్రువాల దగ్గరికి పోయేకొద్దీ బత్తాయి తొనల గీతల్లా ఒకచోటికి చేరుకుంటాయి. మన 17 డిగ్రీల దగ్గర వాటి మధ్య ఎడం డిగ్రీకి 106 కిలోమీటర్ల చిల్లర. ఇప్పుడు గుణించండి. ఉత్తరానికి 132 కిలోమీటర్లు, తూర్పుకు 258 కిలోమీటర్లు. ఇవి లంబకోణ త్రిభుజానికి రెండు భుజాలు. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం రెంటి వర్గాలూ కలిపి వర్గమూలం తీస్తే 290 వస్తుంది. ఎనిమిదో అంకె దాకా లెక్కవేసే కంప్యూటరు చెప్పేదీ అదే.

దగ్గర ఊళ్లకు ఈ పద్ధతి సరిపోతుంది. హైదరాబాద్ నుంచి షికాగోకు ఇలా వేస్తే తప్పుతుంది, ఎందుకంటే అంత దూరంలో భూమి వంపు లెక్కలోకి వస్తుంది. బత్తాయి మీద రెండు చుక్కలు పెట్టి, మధ్యలో దారం బిగించి లాగి చూడండి. దారం తనంతట తానే అతి దగ్గర దారి పట్టుకుంటుంది. అట్లాసులో స్కేలు పెట్టి గీసిన గీత అది కాదు. అమెరికాకు వెళ్లే విమానం ఉత్తర ధ్రువం వైపు ఎగబాకినట్టు సీటు ముందున్న తెర మీద కనిపించడానికి కారణం ఇదే. పిల్లల దగ్గరికి వెళ్లే మన పెద్దవాళ్లు ఆ తెర చూసి దారి తప్పిందేమోనని కంగారు పడుతుంటారు. తప్పలేదు, అదే దగ్గర దారి.

ఇక పోయిన 60 కిలోమీటర్లు. 290 అనేది విమానాశ్రయాల మధ్య దూరం, ఊళ్ల మధ్య దూరం కాదు. గన్నవరం విజయవాడకు తూర్పున, అంటే విశాఖ వైపే 20 కిలోమీటర్లు ముందుకు జరిగి ఉంది. విశాఖ విమానాశ్రయం ఆ నగరానికి పడమట, ఎన్‌ఏడీ కూడలి దగ్గర, అంటే మన వైపు జరిగి ఉంది. రెండు రైల్వే స్టేషన్ల మధ్య సూటిగా గీత గీస్తే 313 కిలోమీటర్లు వస్తుంది. కాబట్టి ఆ 60లో 23 కిలోమీటర్లు ఆకాశం మిగిల్చినవి కావు, మీరు కారులోనో ఆటోలోనో తిరగాల్సినవి. మిగతా 37 మాత్రమే రైలు దారి వంపుల్లో పోతున్నాయి. రాజమండ్రి దాటాక పట్టాలు సామర్లకోట వైపు దిగి, మళ్లీ తుని మీదుగా పైకి వస్తాయి కదా, ఆ వంపు వాటిలో పెద్దది. అదొక్కటి వదిలేస్తే సూటి గీత కూడా ఏలూరు, రాజమండ్రి, తుని, అనకాపల్లి మీదుగానే పోతుంది. కొండల్లో రెండు ఊళ్ల మధ్య రోడ్డు దూరం సూటి దూరానికి రెట్టింపు కూడా ఉంటుంది. మన కోస్తా మైదానంలో రోడ్డూ రైలూ ఇప్పటికే ఉన్నంతలో సూటిగా వెళ్తున్నాయి. ఇక్కడ విమానానికి దూరంలో కలిసొచ్చేది తక్కువ అన్న మాట ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. చివర్లో దీనితో పని ఉంది.

పైలట్లు ఈ 290ని 157 నాటికల్ మైళ్లు అంటారు. ఒక డిగ్రీ అక్షాంశాన్ని 60 భాగాలు చేస్తే ఒక భాగం ఒక నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు. గంటకు ఒక నాటికల్ మైలు వేగాన్ని ఒక నాట్ అంటారు. ఇది ఓడల వాళ్ల దగ్గర నుంచి వచ్చిన కొలత.

ఇప్పుడు కుర్రాడు చూపించిన మొదటి అంకె, 22 నిమిషాలు. ఇది 290ని గంటకు 800 కిలోమీటర్లతో భాగిస్తే వచ్చింది. 800 అనేది ఎయిర్‌బస్ 320 లాంటి జెట్ విమానం పైన, నిలకడగా పోయేటప్పటి వేగం. విమానం గన్నవరం రన్‌వే మీద ఉండగానే ఆ వేగంలో ఉండి, విశాఖ రన్‌వేను అదే వేగంతో తాకితే 22 నిమిషాలు. అలా ఎక్కడా జరగదు. రెండో అంకె, 52, దానికే ఇంకో అరగంట కలిపింది. ఎక్కడానికి, దిగడానికి, నేల మీద తిరగడానికి కలిపి ఉజ్జాయింపుగా వేసిన అరగంట అది. ఫోన్లో దొరికే లెక్కలు చాలావరకు ఇలాంటివే. గన్నవరం అయినా గౌహతి అయినా అదే 800, అదే అరగంట.

నిజంగా గాల్లో ఏం జరుగుతుందో చూద్దాం. మన ప్రాంతీయ మార్గాల్లో ఎక్కువగా కనిపించే చిన్న విమానం ఏటీఆర్ 72. రెండు పెద్ద పంకాలు, డెబ్బై ఎనభై లోపు సీట్లు, వేగం గంటకు 500 కిలోమీటర్ల చుట్టుపక్కల. ఇది 20 వేల అడుగుల ఎత్తులో పోతోందనుకోండి. దిగేటప్పుడు వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్ల చొప్పున కిందికి జారాలని పైలట్ల లెక్క. అంటే 20 వేల అడుగులు దిగడానికి 60 నాటికల్ మైళ్లు, 110 కిలోమీటర్లు కావాలి. విశాఖకు 110 కిలోమీటర్లు ఇవతల అంటే అన్నవరం చుట్టుపక్కల. అక్కడికి వచ్చేసరికే దిగడం మొదలైపోవాలి. ఎక్కడానికి ఒక 80, 90 కిలోమీటర్లు తీసేస్తే, నిలకడగా పూర్తి వేగంతో పోయేది వంద కిలోమీటర్ల లోపు మాత్రమే. తణుకు దాటిన దగ్గర నుంచి అన్నవరం దాకా, అంతే.

అందుకే ఇలాంటి దగ్గర మార్గంలో పెద్ద జెట్‌కూ చిన్న పంకాల విమానానికీ తేడా పెద్దగా తేలదు. పైగా 10 వేల అడుగుల కింద జెట్ అయినా సరే 250 నాట్లకు, అంటే గంటకు 463 కిలోమీటర్లకు మించి పోకూడదన్న నియమం ఉంది. జెట్ తన 800 వేగం అందుకునే లోపే దిగాల్సిన చోటు వచ్చేస్తుంది. మహా అయితే ఐదారు నిమిషాలు ముందు దిగుతుంది.

ఒక జనవరి ఉదయం గన్నవరంలో ఏటీఆర్ ఎక్కినప్పుడు చేతి గడియారం చూసి రాసుకున్న సమయాలు నా దగ్గర ఉన్నాయి. ఆ విమానానికి మనుషులు వెనక తలుపులోంచి ఎక్కుతారు, సామాన్లు ముందు భాగంలో పెడతారు. రెక్కలు మనిషి తల కంటే పైన ఉంటాయి కాబట్టి కిటికీలోంచి నేల బాగా కనిపిస్తుంది. టికెట్ ప్రకారం బయల్దేరడం 7.25, చేరడం 8.30. తలుపు 7.22కు మూశారు. 7.27కు విమానం కదిలింది. నెమ్మదిగా రన్‌వే చివరిదాకా వెళ్లి, తిరిగి నిలబడి, 7.35కు చక్రాలు నేల వదిలాయి. ఐదారు నిమిషాలు గడిచేసరికి కుడివైపు కొల్లేరు మీద పొద్దుటి ఎండ ఒక్క రేకులా మెరిసింది. 7.53కు కింద గోదావరి. వంతెనలు గీతల్లా, కాస్త దిగువన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కింద నది గౌతమిగా, వశిష్ఠగా చీలిపోవడం ఒకేసారి కనిపించాయి. చిన్నప్పుడు భూగోళం పుస్తకంలో చూసిన పటం అచ్చం అలాగే నేల మీద పరిచి ఉంది. చూస్తుండగానే ఇంజను మోత తగ్గింది, చెవులు మూసుకుపోవడం మొదలైంది. 8.17కు విశాఖలో చక్రాలు నేలను తాకాయి. 8.23కు విమానం ఆగింది.

ఇందులో గాల్లో ఉన్నది 42 నిమిషాలు. కదిలిన దగ్గర నుంచి ఆగేదాకా 56 నిమిషాలు. టికెట్ మీద ఉన్నది 65 నిమిషాలు. మూడు అంకెలూ ఒకే ప్రయాణానివి.

టికెట్ మీద ఉండేది విమానం ఎగిరే సమయం కాదని చాలామందికి తెలియదు. చక్రాల కింద అడ్డం పెట్టిన దిమ్మెలు తీసి విమానం కదిలిన క్షణం నుంచి, అవతలి ఊళ్లో మళ్లీ దిమ్మెలు పెట్టేదాకా అయ్యే సమయం అది. విమానయానం వాళ్లు బ్లాక్ టైమ్ అంటారు. దానికి కొంత అదనం కలుపుతారు. మన దేశంలో చెప్పిన సమయానికి 15 నిమిషాల లోపు తేడా ఉంటే వేళకు నడిచినట్టే లెక్క. ఏ విమాన సంస్థ ఎంత వేళకు నడుపుతోందో పౌర విమానయాన డైరెక్టరేట్ ప్రతి నెలా ప్రకటిస్తుంది. కాబట్టి సంస్థలు పది నిమిషాలు జేబులో ఉంచుకునే టికెట్ రాస్తాయి. పైలట్ ముందే దించాడని చప్పట్లు కొట్టేవాళ్లను చూశాను. అతను బాగానే నడిపాడు, కానీ ఆ ఏడు నిమిషాలు టికెట్ రాసిన రోజే కలిపి ఉంచినవి.

ఆ అదనం ఎందుకంటే గాలి, రన్‌వే. విమానం వీలైనంత వరకు ఎదురుగాలిలోకి ఎగరాలి, ఎదురుగాలిలోకే దిగాలి. గన్నవరం రన్‌వే పేరు 08/26. ఆ అంకెల పక్కన సున్నా చేర్చితే దిక్సూచి చూపించే డిగ్రీలు వస్తాయి. 08 అంటే 80 డిగ్రీలు, ఇంచుమించు తూర్పు. గాలి తూర్పు నుంచి ఉంటే విమానం విశాఖ వైపే ఎగిరి దాదాపు సూటిగా పోతుంది. గాలి పడమటిదైతే విజయవాడ వైపు ఎగిరి, ఒక పెద్ద మలుపు తీసుకుని వెనక్కి రావాలి. విశాఖ రన్‌వే 10/28. పడమటి గాలి ఉన్న రోజు అక్కడ తూర్పు వైపు నుంచి దిగాలి. నైరుతి నుంచి వచ్చిన మన విమానం విమానాశ్రయాన్ని పక్కన పెట్టి, ఊరు దాటి, సముద్రం మీదికి పోయి తిరిగి రావాలి. కళ్ల ముందు కైలాసగిరి కనిపిస్తుంటే ఇంకా దిగడేమిటని మనకు అనిపిస్తుంది. పైగా విశాఖ విమానాశ్రయం నావికాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా స్థావరంలో ఉంది. రన్‌వే వాళ్లది, గాల్లో దారి ఇచ్చేదీ వాళ్లే. వాళ్ల విమానాలు పైన ఉంటే మనం ఆగాలి. దేశ రక్షణ పని చేసేవాళ్లకు ఆ మాత్రం చోటు ఇవ్వడం న్యాయమే.

పైగాలి ప్రభావం మాత్రం ఈ దూరంలో రెండు మూడు నిమిషాలకు మించదు. దూరం పెరిగేకొద్దీ అదే పెద్దదవుతుంది. హైదరాబాద్ నుంచి లండన్ వెళ్లేటప్పుడు పట్టే సమయానికీ, తిరిగి వచ్చేటప్పుడు పట్టేదానికీ గంట దాకా తేడా ఉంటుంది.

ఇప్పుడు నాలుగో ప్రశ్న. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఇంటి తలుపు వేసిన క్షణం నుంచి, విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర అక్క వాళ్ల గడప తొక్కేదాకా ఎంతసేపు? గన్నవరం చేరడానికి 40 నిమిషాలు. సామాను ఇచ్చే కౌంటరు విమానం వేళకు గంట ముందే మూసేస్తారు. వరుసలో నిలబడటం, తనిఖీ అన్నీ కలిపి గంటన్నర ముందు అక్కడ ఉండాలి. తర్వాత టికెట్ మీది 65 నిమిషాలు. దిగి పెట్టె అందుకోవడానికి 20. ఎన్‌ఏడీ నుంచి ఊళ్లోకి 35. మొత్తం 250 నిమిషాలు, నాలుగు గంటల పది నిమిషాలు.

వందేభారత్ రైలు ఈ 350 కిలోమీటర్లను నాలుగు గంటల పై చిలుకులో దాటుతుంది. 2023 జనవరిలో మొదలైంది. స్టేషన్‌కు పావుగంట, అరగంట ముందు వెళ్లడం, అవతల ఆటోలో ఇంకో పావుగంట. అంతా కలిపి ఐదు గంటలు, లేదా కాస్త ఎక్కువ. అంటే తలుపు నుంచి గడప దాకా విమానానికీ రైలుకూ తేడా గంట, కాస్త అటూ ఇటూ. రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో పోయినా తేడా రెండు గంటల పైచిలుకే.

మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికి ఈ నాలుగు గంటల పది నిమిషాల్లో ఏం జరుగుతుందో కూడా చూడాలి. కారు ఎక్కి దిగడం, వరుసలో నిలబడటం, బస్సులో విమానం దాకా పోవడం, మెట్లెక్కడం, మెట్లు దిగడం, మళ్లీ కారు. రైల్లో ఒక్కసారి ఎక్కి కూర్చుంటే నడుము వాల్చుకుని, కాలు చాపుకుని, లేచి నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చోవచ్చు. ఆవిడ భయపడింది ఆరు గంటల ప్రయాణానికి. వందేభారత్‌లో అది నాలుగు. కుర్రాడికి అదే చెప్పాను. విమానంలోనే వెళ్తామంటే టికెట్ తీసుకునేటప్పుడే వీల్‌చైర్ కావాలని రాయించమన్నాను.

అంతమాత్రాన చిన్న విమానాశ్రయాలు దండగని నేను అనను. చిన్న ఊళ్లకు విమానాలు నడపడానికి ఉడాన్ పథకం పెట్టినప్పుడు ప్రభుత్వం వేసుకున్న కొలత గంట ప్రయాణం, సుమారు 500 కిలోమీటర్లు, అందులో కొన్ని సీట్లకు 2,500 రూపాయల టికెట్. 2017 ఏప్రిల్ 27న ఆ పథకం మొదలైన రోజే కడప నుంచి హైదరాబాద్‌కు విమానం ఎగిరింది. 500 అనే ఆ అంకెలో తెలివి ఉంది. కర్నూలు దగ్గర ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైనప్పుడు విశాఖకు సర్వీసు వేశారు. అక్కడి నుంచి విశాఖకు సూటిగా 580 కిలోమీటర్లు, రోడ్డున దాదాపు 700. బస్సులో రాత్రంతా. విమానం గాల్లో ఉండేది గంటంబావు, గంటన్నర. ముందూ వెనకా మూడు గంటలు కలిపినా ఒక పూటలో పని. రాయలసీమ నుంచి విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి రోగిని తెచ్చే కుటుంబానికి, స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం చేసే కొడుకును చూడాలనుకునే తల్లికి అది ఒక రోజు ఆయుష్షు మిగిల్చినట్టు. కొత్త సర్వీసులు వేసేవాళ్లు రోడ్డూ రైలూ సూటిగా పోయే, వందేభారత్ నడిచే దారుల్లో పోటీ పడటం కంటే, ఇలా అడ్డంగా ఉన్న దారుల మీద ముందు కన్నెయ్యాలి.

విజయవాడ వాళ్లకు కూడా ఒకే జవాబు లేదు. హనుమాన్ జంక్షన్‌లోనో నూజివీడులోనో ఉండేవాళ్లకు గన్నవరం దగ్గర, విజయవాడ స్టేషన్ దూరం. వాళ్లకు విమానమే నయం. మంగళగిరి, తాడేపల్లి వాళ్లు ఊరంతా దాటి గన్నవరం పోవాలి, వాళ్లకు రైలే నయం. అవతలి వైపు కూడా లెక్క మారుతుంది. విశాఖ నగరానికి దాదాపు 45 కిలోమీటర్ల దూరంలో, భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో కొత్త విమానాశ్రయం కట్టారు. విమానాలు అక్కడికి మారితే ఆకాశంలో పెరిగేది 40 కిలోమీటర్ల దాకా, అంటే ఐదు నిమిషాలు. నేల మీద మాత్రం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఉన్న అక్క వాళ్లింటికి ఎన్‌ఏడీ నుంచి పట్టే 35 నిమిషాలు గంట దాటుతుంది. గాజువాక వాళ్లకు ఇంకా ఎక్కువ. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు మాత్రం విమానం ఇంటి దగ్గరికి వచ్చినట్టే.